వదులుపడిన స్విచ్చు

ఓం శ్రీ గురుబసవలింగాయ నమః



ప్రతిదినము ప్రాతఃకాలమున స్నానముచేసి, విభూతి ధరించి, ఇష్టలింగమును కరపీఠమున నుంచుకొని పూజించువారము మనము. పూజ ముగిసి లింగమును వస్త్రమున చుట్టి మరల ధరించునపుడు మన వ్రేళ్ళు ఎవ్వరును చెప్పకయే యొక పని చేయును. శివదారపు ముడిని తడవి చూచును. దారము నలిగినదా, పోగులు విడినవా, ముడి వదులైనదా యని పరీక్షించును. వదులైనచో ఆ క్షణముననే బిగింతుము. "రేపు చూతములే" యని ఎవ్వరును అనరు. ఏలయన, ఆ ముడిని ఆధారము చేసికొని యున్నది మన ప్రాణముతో సమానమైన లింగమని మనకు తెలియును.

ఈ జాగ్రత్త శివదారము కడనే ఆగిపోవలసినదా? మన యింటిలో వదులైయున్న తక్కిన ముడుల మాట యేమి? ఈ పర్యాయము మీతో ముచ్చటింపదలచినది అట్టి యొక ముడిని గూర్చియే. అది మా యింటి పూజగదిలోని దీపపు స్విచ్చు. వినుటకు అల్పవిషయము. అది నేర్పిన పాఠము మాత్రము అల్పము కాదు. ఇందు నా తప్పు కలదు. తన తప్పును దాచుకొని ఇతరులకు బోధించుట శరణమార్గము కాదు గనుక, దాచక చెప్పెదను.

కర్రగరిటె

మాది పాతయిల్లు. పూజగది గోడకు ఒక చెక్కబోర్డు, దానిపై రెండు పాతకాలపు స్విచ్చులు, ఒక ప్లగ్గు కలవు. వానిలో దీపపు స్విచ్చు కొన్ని నెలల క్రితము వదులుపడినది. నొక్కినపుడు లోనికి క్రుంగును. చేయి తీయగానే ఒక ప్రక్కకు వాలును. దీపము ఒక్కొకసారి చక్కగా వెలుగును. ఒక్కొకసారి మిణుకుమిణుకుమని ఆరిపోవును. స్విచ్చును బోర్డునకు పట్టియుంచు మర పట్టు తప్పినదనియు, చెక్కలోని రంధ్రము పెద్దదైనదనియు కనుగొంటిని. ఒక అగ్గిపుల్లను విరిచి ఆ రంధ్రములో దూర్చి మరను త్రిప్పితిని. స్విచ్చు నిలిచినది. పని తీరినదనుకొంటిని. పదిదినములు గడవకమునుపే అది మరల కదలసాగెను. "తీరిక దొరికినపుడు చూతము" అనుకొంటిని. ఆ తీరిక దొరకలేదు.

ఏల దొరకలేదు? బసవజయంతి సమీపించుచుండెను. వైశాఖ శుద్ధ తదియనాటి సభలో నేను ఉపన్యసింపవలసి యుండెను. నాకిచ్చిన విషయము కాయకము! రాత్రులు మేలుకొని శరణుల చరిత్రలు తిరుగవేసితిని. ఏ మాట తరువాత ఏ మాట చెప్పవలెనో కాగితముపై వ్రాసికొంటిని. సభ చక్కగా జరిగెను. పెద్దలు మెచ్చుకొనిరి. సంతోషముతో ఇంటికి వచ్చి నిద్రించితిని.

మరునాటి తెల్లవారుజామున పూజగదిలోనికి పోగా, విభూతిపెట్టె ప్రక్కన ఒక కర్రగరిటె కనబడెను. వంటింటి వస్తువు ఇచ్చటికేల వచ్చెనని తీయబోతిని.

"దానిని అక్కడనే యుండనిమ్ము నాయనా!" అనెను మా అమ్మ.

ఆమెకు ఎనుబదియేండ్లు దాటినవి. ఇంటిలో అందరికంటె ముందు లేచి, చీకటి విడకమునుపే స్నానముచేసి, తడి ఆరని చేతులతో పూజగదికి వచ్చునది ఆమెయే.

"ఎందుకమ్మా?" అని అడిగితిని.

"దీపము వేయుటకు. నెలదినములనుండి ఆ స్విచ్చును ముట్టుకొనినచో చేయి జివ్వుమనుచున్నది. గరిటెకాడతో నొక్కినచో ఏమియు కాదు."

"నెలదినములా! నాతో చెప్పవలదా?"

"నీకు ఉపన్యాసము పని యుండెను గదా! దీపము వెలుగుచునే యున్నది గదా యని నేనును ఊరకుంటిని. నా చేతిమాట కేమిలే, చిన్నది పీట యెక్కి స్విచ్చు అందుకొనుట నేర్చినది. అందుకనియే అది మేలుకొని యున్నంతసేపు ఈ గదికి గడియ వేసి యుంచుచున్నాను."

చిన్నది యనగా నా మనుమరాలు. నాలుగేండ్ల పిల్ల. పగలెల్ల పూజగదికి గడియ వేసియుండుటను నేను చూచుచునే యుంటిని. కారణ మడుగలేదు.

బంధువులారా! కాయకమును గూర్చి సభలో నేను గంటసేపు మాటలాడితిని. అందులో సగము కాలము చాలును ఆ స్విచ్చు సంగతి చూచుటకు. నెలదినములు నా తల్లిని ఒక కర్రగరిటె కాపాడినది, నేను కాపాడలేదు. పసిబిడ్డను ఒక తలుపుగడియ కాపాడినది, నేను కాపాడలేదు. ఆ ఉదయము నేను లింగమును కరమున నుంచుకొన్నపుడు దృష్టి నిలువలేదు. పూజ యెటులో ముగించి లేచితిని.

లక్కమ్మ హెచ్చరిక

అపుడు నాకు జ్ఞప్తికి వచ్చినది ఆయ్దక్కి లక్కమ్మ. పన్నెండవ శతాబ్దమున, బిజ్జలుడు ఏలిన కల్యాణమున, బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు ప్రసిద్ధులు. ఆ కల్యాణమే నేడు కర్ణాటక రాష్ట్రములోని బీదరు జిల్లాలో బసవకల్యాణమను పేర నున్నది. నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చి, వండి, జంగములకు పెట్టి, మిగిలిన దానిని ప్రసాదముగా స్వీకరించుట వారి కాయకము. ఒకనాడు మారయ్య ఆనాటికి కావలసినదానికంటె ఎక్కువ బియ్యము తేగా, ఈ ఆశ మనకేల యని లక్కమ్మ దానిని తిరిగి వేసి రమ్మనెనట. ఈ కథ మనలో చాలమందికి తెలిసినదే.

ఆ దంపతుల విషయమున మరియొక కథ కలదు. అది అంతగా చెప్పుకొనబడదు. ఉపన్యాసకులకు అది రుచింపకపోవుటయే కారణము కాబోలు! మారయ్య ఒకనాడు అనుభవగోష్ఠిలో కూర్చుండి, అల్లమప్రభువు మొదలైన మహానుభావుల మాటలలో మునిగి కాలము మరచెను. ఆనాటి కాయకము నిలిచిపోయెను. లక్కమ్మ వచ్చి ఆ సంగతిని భర్తకు గుర్తుచేసి పనికి పంపెను. ఆలోచింపుడు! అచట జరుగుచున్నది వ్యర్థప్రసంగము కాదు. శూన్యసింహాసనము నధిష్ఠించిన అల్లమప్రభువు సన్నిధిలో జరుగుచున్న శివానుభవము. అట్టి గోష్ఠియు చేయవలసిన పనిని ఆపుటకు సాకు కారాదని ఆ తల్లి నిర్ణయము. అల్లమప్రభుని మాటలే సాకు కానిచోట, నా ఉపన్యాసపు కాగితములు సాకు కాగలవా?

"పూజయెక్కడ, స్విచ్చు బిగించుటయెక్కడ! రెండింటిని ఒక్కచో చెప్పదగునా?" యని ఎవరైన అడుగవచ్చును. వారు నులియ చందయ్యను స్మరింపవలెను. గడ్డి కోసి, త్రాళ్ళు పేని, అమ్మగా వచ్చిన దానితో జంగమదాసోహము చేయుట ఆయన కాయకము. గడ్డి కోయుచుండగా ఇష్టలింగము నీట జారిపడినదనియు, చందయ్య తన పని మానకుండుటచే లింగమే ఆయన వెంటబడి వచ్చినదనియు, మడివాళ మాచయ్య నడుమ నిలిచి నచ్చజెప్పినదాక ఆయన దానిని చేపట్టలేదనియు శరణుల చరిత్ర చెప్పును. గురువునకైనను, లింగమునకైనను, జంగమునకైనను కాయకము తప్పదని చందయ్య పట్టుదల. లింగమును చులకన చేయుమని దీని భావము కాదు. కాయకము నశ్రద్ధ చేసి లింగమును సేవింపగలమనుకొనుట భ్రాంతి యని దీని భావము.

మూత తీసి చూడగా

ఇంటికి వచ్చు విద్యుత్తును మెయిన్ స్విచ్చు కడ ఆపి, చెక్కబోర్డు మరలు విప్పి చూచితిని. లోపల నేను కనుగొన్నదానిని కొంత వివరముగ చెప్పెదను. ఏలయన, మనస్సులో జరుగునది కూడ అట్టిదే.

స్విచ్చులో తీగకొనను పట్టియుంచుటకు ఇత్తడి టెర్మినలు ఒకటి, దానిపై చిన్న మర ఒకటి యుండును. మర బిగువుగా నున్నంతకాలము తీగయు ఇత్తడియు గట్టిగా నొత్తుకొని యుండును. విద్యుత్తు అడ్డులేక ప్రవహించును. మర వదులైనపుడు రెండు లోహములును ఒకటి రెండు చోట్ల మాత్రమే తాకుచుండును. విస్తారమైన త్రోవ సన్నని సందు అగును. ఆ సందున నిరోధము పెరుగును. నిరోధమున్నచోట వేడి పుట్టును. వేడికి లోహము వ్యాకోచించును. దీపమార్పినపుడు చల్లారి సంకోచించును. ఈ రాకపోకలచే మర మరికొంత వదులగును. తీగ నల్లబడును. నల్లబడిన పొర నిరోధమును ఇంకను పెంచును. నడుమనడుమ నిప్పురవ్వలు లేచును. తుదకు స్విచ్చు పైభాగమే కమరి వాసన కొట్టును. వాసన మన ముక్కునకు సోకుసరికి లోపల కాలుట ఎన్నడో ఆరంభమైనదని తెలిసికొనవలెను. వదులైన మర తనంతట తాను బిగియదు. దినదినము మరింత వదులగుటయే దాని స్వభావము.

వేరొక విషయము గమనింపుడు. చిన్న దీపమునకు కావలసిన విద్యుత్తు మిక్కిలి తక్కువ. కనుక వదులైన ముడి గుండను దీపము వెలుగుచునే యుండును. "వెలుగుచున్నది గదా" యని మనము మోసపోదుము. 230 వోల్టుల ఇంటి విద్యుత్తుపై 1000 వాట్ల ఇస్త్రీపెట్టెకు నాలుగు ఆంపియర్లకు మించిన ప్రవాహము కావలెను. ఒకే నిరోధమున్నచోట ప్రవాహము రెట్టింపైనచో వేడి నాలుగింతలగును, పదింతలైనచో నూరింతలగును. చిన్న బరువును మోసిన ముడి పెద్ద బరువు పడినపుడు కాలిపోవును. అటువంటి ముడి మా బోర్డులోని ప్లగ్గు కడను ఉండియున్నచో ఏమి జరిగియుండెడిదో చెప్పనక్కరలేదు.

భక్తియు ఇట్టిదే గదా! సుఖదినములలో, తీరిక సమయములలో, వదులైన భక్తి గుండను ఒక చిన్న దీపము వెలుగును. మనమును లోకమును దానిని చూచి తృప్తిపడుదుము. వ్యాధి వచ్చినపుడు, ఆప్తులు పోయినపుడు, అవమానము కలిగినపుడు, అక్రమధనము చేతికందుచున్నపుడు బరువు పడును. ముడి బిగువెంతయో అపుడు బయటపడును. శివుని యందు శక్తి కొరవడుట యుండదు. ఇంటివరకు విద్యుత్తు వచ్చుచునే యున్నది. లోపము మన చేతిలోని ముడియందే.

శ్రద్ధ, నిష్ఠ, అవధానము

మన పెద్దలు షట్స్థలములలో మొదటి మూడింటికి మూడు విధములైన భక్తిని చెప్పిరి. భక్తస్థలమునకు శ్రద్ధాభక్తి, మాహేశ్వరస్థలమునకు నిష్ఠాభక్తి, ప్రసాదిస్థలమునకు అవధానభక్తి. ఈ మాటలు నేను చిరకాలముగా కంఠస్థము చేసియుంటిని. వాని అర్థము ఆ చెక్కబోర్డు ఎదుట నిలిచినపుడు కొంత తెలిసినది.

శ్రద్ధ నాకు కొరతపడలేదు. దీపము వెలుగవలెనని నాకు కోరిక కలదు. అందుకే అగ్గిపుల్లయైనను దూర్చితిని. తీగను స్విచ్చుతో కలుపుట శ్రద్ధ. కలిపినదానిని వదులుకానీయక బిగించి యుంచుట నిష్ఠ. అగ్గిపుల్ల నిష్ఠ కాదు. అది మ్రొక్కుబడి. మూత తీసి లోపల ఏమి జరిగినదో చూడక, పైపైన నిలుచునట్లు చేసి చేతులు దులుపుకొనుట. జయంతినాడు ఒకపూట, శివరాత్రినాడు ఒకరాత్రి, సభలో ఒక గంట, ఇవియే మన ఆచారమంతయు నైనచో, మనము రంధ్రములో అగ్గిపుల్లలు దూర్చుచున్నాము. స్విచ్చు నిలిచినట్లుండును. పదిదినములలో మరల వాలును.

ఇక అవధానము. నా యింటిలో ఒక తలుపునకు పగలెల్ల గడియ వేసియుండెను. వంటింటిలో ఒక గరిటె కనబడకుండెను. ముసలి తల్లి దీపము వేయునపుడు చేయి వెనుకకు తీసికొనుచుండెను. ఇవియన్నియు నా కన్నులయెదుటనే జరిగినవి. నా దృష్టి కాగితములపై నుండెను. మన ప్రసాదభావమంతయు ఈ అవధానమునందే యున్నది. శివుడిచ్చిన ఇల్లు ప్రసాదము, తల్లి ప్రసాదము, బిడ్డ ప్రసాదము. ప్రసాదమును నేలపాలు కానీయని మనము, ఈ ప్రసాదములను అపాయము నోట పడవేసి నిశ్చింతగ నుండుట యెట్లు?

అవధానమునకు చేరిన రహస్యము మరియొకటి కలదు. స్విచ్చును ఫేజు తీగపై నుంచవలెను. తెలియనివారు న్యూట్రల్ తీగపై నుంచినచో, స్విచ్చు ఆపగానే దీపమారును. హోల్డరులో మాత్రము విద్యుత్తు సజీవముగనే యుండును. దీపమారినదని నమ్మి చేయిపెట్టినవానికి ప్రాణాపాయము కలుగవచ్చును. విషయములను విడిచితినని చెప్పుకొనువారి సంగతియు కొన్నియెడల ఇట్టిదే. పైకి వెలుగారినది, లోపల ఆశ సజీవముగనే యున్నది. వారిని నమ్మి చేయిపట్టినవారికే దెబ్బ తగులును. ఆర్పవలసినది వెలుగును కాదు. మూలమున వచ్చుచున్న ప్రవాహమును.

గడప

మర బిగించుటకు నాకు చేతనగును. కాని తీగకొన నల్లబడియుండెను. స్విచ్చు లోపలిభాగము కమరియుండెను. తెలియనిదానిని తెలిసినట్లు చేయుట కాయకము కాదు. మా వీథిలో విద్యుత్ పని చేయు యువకుని పిలిపించితిని. అతడు సంచి పట్టుకొని వచ్చి పూజగది గడప కడ నిలిచిపోయెను.

"అమ్మా, లోపలికి రావచ్చునా? లింగపూజ చేయు గది గదా!" అని మా అమ్మ నడిగెను.

అతడేల అడిగెనో మాకు తెలియును. అతని తాతముత్తాతలను ఎన్ని యిండ్ల గడపలు ఆపియుండెనో అతనికి తెలియును.

"గదిలో దీపము నిలుపుటకు వచ్చినవాడవు నీవు. నీవు గడప బయటనుంటే మేము లోపల నుండుట యెట్లు? రా నాయనా!" అనెను మా అమ్మ.

నేను సభలో హరళయ్యను గూర్చి చెప్పితిని. సమగారయైన హరళయ్య కుమారునికి, బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తెకు కల్యాణమున వివాహము జరిగినదనియు, అందుకై ఆ తండ్రులిద్దరును దారుణశిక్షకు గురియై ప్రాణములర్పించిరనియు చెప్పి సభ్యుల కన్నులు చెమర్చునట్లు చేసితిని. ఎనిమిది శతాబ్దములు గడచిన తరువాత, బసవేశ్వరుని పటమున్న గది గడప కడ ఒక యువకుడు నిలిచి అనుమతి యడుగవలసి వచ్చినది. అదియు వదులైన ముడియే! మన మాటకును మన గడపకును నడుమనున్న ముడి. దానిని బిగించినది ఉపన్యాసము కాదు. మా అమ్మ నోటి మాట.

అతడు పాత స్విచ్చును తీసి చూపెను. "అమ్మా, తీగలో ఒక పోగు బయటికి వచ్చి పైమరకు తగులుచున్నది. అందుకే చేయి జివ్వుమన్నది. చేతులు తడి, కాళ్ళక్రింద నేల తడి. గరిటె వాడితిరి గనుక సరిపోయినది" అనెను. కమరిన తీగకొనను కత్తిరించి, పోగులన్నింటిని కలిపి మెలిపెట్టి, ఒక్కటియు బయటికి రాకుండ క్రొత్త స్విచ్చులో బిగించెను. పట్టు తప్పిన చెక్కబోర్డును తీసివేసి క్రొత్తది అమర్చెను. తరువాత నేనడుగకయే రెండవ స్విచ్చును, ప్లగ్గును విప్పి చూచి, వాని మరలను కూడ బిగించెను. ఆ పనికి వేరుగ ఏమీయవలెనని అడిగితిని.

"ఒకటి వదులైనచోట రెండవది చూడకుండ మూత వేయుటకు మనసొప్పదయ్యా!" అనెను.

అతడు శరణుల పేరులు ఎరుగడు. కాయకము ఎరుగును. మా అమ్మ అతనిని కూర్చుండబెట్టి భోజనము పెట్టెను. నేను కూలి పూర్తిగా చెల్లించితిని. కూలి చెల్లించుట దాసోహము కాదు, అది అతని హక్కు. భోజనము పెట్టుటయు మేము చేసిన ఉపకారము కాదు. మా యింటికి వెలుగు తెచ్చినవానితో కలిసి భుజించు భాగ్యము మాకు కలిగినది.

చేయువారికి కొన్ని సూచనలు

ఈ ప్రసంగము విని ఉత్సాహముతో స్విచ్చులపై చేయి వేయువారికి కొన్ని జాగ్రత్తలు చెప్పుట నా ధర్మము.

మొదట మెయిన్ స్విచ్చును గాని ఎం.సి.బి.ని గాని ఆపవలెను. పాతయిండ్లలో ఫ్యూజున్నచో దానిని ఊడదీసి మన జేబులోనే యుంచుకొనవలెను, ఇంటివారందరికి చెప్పవలెను. మనము పనిలో నుండగా వేరొకరు తెలియక విద్యుత్తును తిరిగి ఇచ్చుటచే ప్రాణములు పోవుట కలదు.

ఆపితిమను నమ్మకము చాలదు, పరీక్షింపవలెను. టెస్టరును ముందుగా విద్యుత్తున్నదని తెలిసినచోట పెట్టి అది వెలుగుచున్నదని చూచుకొని, పిదప విద్యుత్తును ఆపి, స్విచ్చు రెండు టెర్మినళ్ళపై పెట్టి చూడవలెను. చెడిపోయిన టెస్టరు ఎచ్చటను వెలుగదు, దానిని నమ్మరాదు.

చేతులు పొడిగా నుండవలెను. నేల పొడిగా నుండవలెను. కాళ్ళకు రబ్బరు చెప్పులుండవలెను. పూజగదిలో చెప్పులా యని సందేహింపవలదు. పొడియైన కొయ్యపీటపై నిలిచినను మేలే. దేహమును దేవాలయముగ భావించు మతము మనది. ఆ దేవాలయమును కాపాడుకొనుట అపచారము కాదు.

మరను గట్టిగా బిగింపవలెను, కాని మితిమీరి త్రిప్పరాదు. మితిమీరినచో మరచుట్లు అరిగిపోవును, స్విచ్చు పగులును. నిష్ఠ వేరు, మూర్ఖపుపట్టు వేరు.

తీగ నల్లబడినను, కమరిన వాసన వచ్చినను, గోడ చెమ్మగిలినను, స్విచ్చు వెచ్చబడుచున్నను స్వయముగ పూనుకొనక, అనుమతిపత్రము గల పనివానిని పిలువుడు. ఎం.సి.బి. తీగలను కాపాడును, చేతికి తగులు కొలది విద్యుత్తునకు అది కదలదు. మనుష్యుని కాపాడుటకు 30 మిల్లీ ఆంపియర్ల లీకుకు తెగిపోవు ఆర్.సి.సి.బి. వేరుగ కలదు. ఇంటిలో వృద్ధులు, పిల్లలు నున్నవారు దానిని అమర్చుకొనుట మేలు. దానిపైనున్న పరీక్షమీటను అప్పుడప్పుడు నొక్కి అది పనిచేయుచున్నదని చూచుకొనవలెను.

సోదర సోదరీమణులారా! రానున్న సోమవారము పూజ ముగించి, శివదారపు ముడిని తడవి చూచుకొనిన తరువాత, ఒక్క గడియసేపు మీ యింటిని చుట్టి రండు. ఏ స్విచ్చు కదలుచున్నదో, ఏ ప్లగ్గు వెచ్చబడుచున్నదో చూడుడు. అంతటితో ఆగక, ఇంటిలోని ముసలివారిని కూడ అడుగుడు. వారు చెప్పరు. మనకు పనులున్నవని, మనలను కష్టపెట్టరాదని, గరిటెలతో గడియలతో కాలము గడపుచుందురు. "అమ్మా, నీకేమైన ఇబ్బంది కలదా?" అని మనమే అడుగవలెను. మీ కోడండ్రను అడుగుడు. మీ యింట పనిచేయు స్త్రీని అడుగుడు. తడిచేతులతో పనిచేయువారు వారే. వారి చేతికి తగులునది మన అలసత్వము.

మా యింటిలో కర్రగరిటె వంటింటికి మరలిపోయినది. పూజగది తలుపు ఇపుడు పగలెల్ల తెరచియుండును. మనుమరాలు వచ్చి తాతమ్మ ప్రక్కన కూర్చుండి నుదుట విభూతి పెట్టించుకొనుచున్నది. నెలదినములు ఆ పిల్లకు పూజగది మూసివేయుటకు కారణము నేనేయని తలచినపుడెల్ల నాకు సిగ్గు కలుగును. ఆ సిగ్గు నాకు మేలే చేయుగాక!

గురు బసవేశ్వరుడు మన చేతులకు కాయకమునందు నిష్ఠను, మన కన్నులకు ఇంటివారి యెడల అవధానమును, మన గడపలకు అందరిని ఆహ్వానించు వెడల్పును ప్రసాదించుగాక! మన మాటకును మన నడతకును నడుమనున్న ముడి యెన్నడును వదులుకాకుండుగాక!

శరణు శరణార్థి.